మాష్టారి కబుర్లు: గోడమీది సూర్యుడు



ఈ నెల మీకు నా పొరపాటు ఒకటి చెబుతాను. ముప్పయ్యారేళ్ళపాటు బళ్ళో పాఠాలు చెప్పి, పిల్లల పొరపాట్లు ఎర్రసిరాతో దిద్దినవాణ్ణి. నా పొరపాటు కూడా ఒకటి ఎర్రసిరాతో దిద్దుకోవడం న్యాయమే గదా! పైగా, ఇందులో నష్టపడింది నేను కాదు. నా మాట నమ్మిన ఒక రైతు. అందుచేత చెప్పక తప్పదు.

కిందటి సంక్రాంతికి మా మేనల్లుడు జర్మనీనుంచి వచ్చాడు. వస్తూ నాకొక బహుమానం తెచ్చాడు. అది పలకంత పెట్టె. దాని ముఖంమీద అంకెలూ, బొమ్మలూ కనిపిస్తాయి. ఇంట్లో ఎంత వేడిగా ఉన్నదీ, బయట ఎంత వేడిగా ఉన్నదీ, గాలిలో తేమ ఎంత ఉన్నదీ చూపుతుంది. వీటన్నిటికీ పైన ఒక పెద్ద బొమ్మ ఉంటుంది. ఒకప్పుడు సూర్యుడు, ఒకప్పుడు సగం మబ్బు, ఒకప్పుడు నిండు మబ్బు, ఒకప్పుడు వానచినుకులు. రాబోయే పన్నెండు గంటల వాతావరణం అదేనట!

పెట్టెతోబాటు అగ్గిపెట్టెకు రెండింతలుండే చిన్న డబ్బా ఒకటి వచ్చింది. దాన్ని ఇంటిబయట తగిలించాలి. తీగ ఏమీ లేదు. బయటి వేడినీ, తేమనూ అది కొలిచి, రేడియో తరంగాలమీద ఇంట్లోని పెట్టెకు పంపుతుంది.

"మామయ్యా, మీకు సైన్సంటే ఇష్టం గదా, అందుకని తెచ్చాను," అన్నాడు మేనల్లుడు.

నాకు పట్టరాని సంతోషమయింది. పెట్టెను వసారా గోడకు తగిలించాను. చిన్నడబ్బాను పెరట్లో పడమటిగోడకు మేకు కొట్టి వేళ్ళాడదీశాను. వారం తిరిగేసరికి మా వీధివీధంతా ఆ పెట్టెను చూసిపోయింది. "మాష్టారి ఇంట్లో సూర్యుడున్నాడు," అని పిల్లలు పాట కట్టారు. అందరూ మెచ్చుకుంటూంటే నాకు కాస్త గర్వంకూడా కలిగింది. అసలు కథ ఇక్కడే మొదలయింది.

మాది గుంటూరు ప్రాంతం. మార్చి నెల వచ్చిందంటే మా ఊరి చుట్టూ కళ్ళాలు ఎర్రగా కనిపిస్తాయి. కోసిన మిరపకాయలు ఎండలో ఆరబోస్తారు. కాయ బాగా ఆరితేనే ధర. ఆరుతున్న కాయమీద వాన పడితే రంగు పోతుంది, బూజు పడుతుంది. అట్టి కాయను తాలుకాయ కింద లెక్కగట్టి తక్కువధరకు కొంటారు. ఏడాది పొడుగునా పడ్డ కష్టం అరగంట వానకు పాడయిపోతుంది.

మా ఎదురింట్లో ఒక రైతు ఉన్నాడు. అతను చిన్నప్పుడు నా దగ్గరే చదువుకున్నాడు. ఇప్పుడు అతనికి నలభై దాటినవి. అయినా నన్ను చూస్తే లేచి నిలబడతాడు. ఒకరోజు ఉదయం పదిగంటలవేళ అతను మా వసారా మెట్లదగ్గరికి వచ్చాడు.

"మాష్టారూ, మీ పెట్టె ఏమంటున్నదండీ? నేను గుంటూరు యార్డుకు వెళ్ళి ధర కనుక్కుని రావాలి. కాయను కుప్పచేసి పట్టా కప్పించి వెళ్ళమంటారా, ఆరనిచ్చి వెళ్ళమంటారా?" అని అడిగాడు.

నేను గోడవంక చూశాను. సూర్యుడు కళకళలాడుతున్నాడు.

"వాన లేదు నాయనా, నిశ్చింతగా వెళ్ళిరా," అన్నాను.

అతను కూలీలను పంపేసి, బస్సెక్కాడు. అతని తల్లి అరుగుమీద కూర్చుని ఉన్నది. "మాష్టరు బాబూ, గాలి స్తంభించిపోయింది. ఉక్క చూస్తే మామూలుగా లేదు," అన్నది. నేను నవ్వి ఊరుకున్నాను.

మధ్యాహ్నం మూడున్నరకు పడమట నల్లటి మబ్బు లేచింది. ఈదురుగాలి కొట్టింది. ఆ ముసలమ్మా, నేనూ, మా మనవడూ కళ్ళంవద్దకు పరుగెత్తాం. ముగ్గురం కలిసి పట్టా ఒకమూల పట్టేసరికి రెండోమూల గాలికి లేచిపోయింది. ఉరుములూ, మెరుపులూ, చేతివేళ్ళంత చినుకులూ! పిడుగు పడే వేళ కళ్ళంలో నిలబడటం ప్రమాదం కనక, పిల్లవాణ్ణి లాక్కుని ఇంటికి వచ్చేశాను. ముసలమ్మనుకూడా బలవంతాన తీసుకువచ్చాను.

వసారాలోకి వచ్చి తల తుడుచుకుంటూ గోడవంక చూశాను. బయట కుండపోతగా కురుస్తున్నది. గోడమీద సూర్యుడు నవ్వుతున్నాడు!

సాయంత్రం రైతు వచ్చాడు. తడిసిన కాయలో కొంత తాలు అయింది. నేను అతని ఇంటికి వెళ్ళి, "నా మాటవల్ల నీకు నష్టం వచ్చింది నాయనా," అన్నాను.

"మీరేం చేస్తారు మాష్టారూ? పెట్టె అట్లా చెప్పింది," అన్నాడతను.

"పెట్టె చెప్పలేదు. నేను చెప్పాను," అన్నాను.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. పొద్దున లేవగానే మా మనవడు, "తాతయ్యా, ఆ పెట్టెను పారేద్దాం. అది అబద్ధాల పెట్టె," అన్నాడు.

"పారేసేముందు, దానికి ఏమి తెలుసో, ఏమి తెలియదో కనుక్కుందాం. తెలియనిది అడిగితే ఎవరైనా తప్పే చెబుతారు," అన్నాను. తాతా మనవలం ఇద్దరం నోటుపుస్తకం ఒకటి తీసుకుని కూర్చున్నాం.

మొట్టమొదట బయటి డబ్బాను పరీక్షించాం. మధ్యాహ్నం అది 46 డిగ్రీలు చూపింది. ఆ పూట గుంటూరులో 37 డిగ్రీలని రేడియోలో చెప్పారు. తేడా ఎందుకు వచ్చింది? నేను డబ్బాను పడమటిగోడకు తగిలించానా! మూడోజాము ఎండ సూటిగా దానిమీద పడుతుంది. గోడకూడా పొయ్యిలాగా కాలుతుంది. అది కొలిచింది గాలి వేడిని కాదు. ఎండకు కాగిన డబ్బా వేడిని, గోడ వేడిని.

వాతావరణశాఖవాళ్ళు ఉష్ణమాపకాన్ని ఎండలో పెట్టరు. తెల్లరంగు వేసిన కొయ్యపెట్టెలో, నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున పెడతారు. ఆ పెట్టె గోడలకు కిటికీ రెక్కలలాగా ఏటవాలు చెక్కలుంటాయి. గాలి వస్తుంది, ఎండ రాదు. దాన్ని స్టీవెన్సన్ పెట్టె అంటారు. దాన్ని రూపొందించిన థామస్ స్టీవెన్సన్ లైట్‌హౌసులు కట్టిన ఇంజనీరు. ట్రెజర్ ఐలండ్ అనే కథ రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ ఆయన కుమారుడే.

డబ్బాను తీసి ఉత్తరపువైపు చూరుకింద, గోడకు తగలకుండా వేళ్ళాడదీశాం. అంకె దారికి వచ్చింది. కాని మరొక చిక్కు వచ్చింది. పెట్టెమీద బయటి వేడి చాలాసేపు మారకుండా నిలిచిపోయి, తరవాత అంకెకు బదులు రెండు గీతలు కనిపించినవి. డబ్బా పంపే కబురు లోపలికి రావడంలేదన్నమాట.

ఇటువంటి పరికరాలు చాలావాటిలో రేడియో తరంగం సెకనుకు సుమారు 43 కోట్ల 30 లక్షల సార్లు ఊగుతుంది. దాని బలం చాలా తక్కువ. అట్టమీద "ఇంత దూరం పనిచేస్తుంది" అని రాసేది అడ్డేమీ లేని మైదానంలో సంగతి. మన ఇళ్ళకు ఇనుపచువ్వలు వేసిన కాంక్రీటు గోడలున్నవి, ఇనుపబీరువాలున్నవి. ఇవన్నీ తరంగాన్ని అడ్డుకుంటాయి. డబ్బాలోని బ్యాటరీలు నీరసపడితే కబురు మరింత నీరసపడుతుంది. మనకు ముఖ్యంగా తెలియవలసినదేమిటంటే, కబురు ఆగిన వెంటనే పెట్టె ఆ సంగతి చెప్పలేదు. కొంతసేపు పాత అంకెనే కొత్త అంకె అన్నట్టు చూపింది.

గడియారం సంగతి మరీ విడ్డూరం. పెట్టెమీద ఒకమూల చిన్న రేడియోస్తంభం బొమ్మ ఎప్పుడూ మిటకరిస్తూ ఉండేది. అది జర్మనీ గడియారాన్ని వెతుకుతున్నదట! ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికి చేరువగా మైన్‌ఫ్లింగెన్ అనే చోటునుంచి రేడియోలో సరియైన కాలం ప్రసారం చేస్తారు. అది సుమారు 2000 కిలోమీటర్ల దూరందాకా అందుతుంది. గుంటూరు జిల్లా ఎక్కడ, ఫ్రాంక్‌ఫర్ట్ ఎక్కడ! తప్పిపోయిన పిల్లవాడు తల్లిని పిలిచినట్టు ఆ పెట్టె రోజూ పిలుస్తున్నది. మేనల్లుడు చేతితో కాలం సరిచేసి వెళ్ళాడు కనక సరిపోయింది.

"తాతయ్యా, దీనిలో మంచు కురిసే బొమ్మకూడా ఉందట," అన్నాడు మనవడు. పెట్టె ఎవరి ఆకాశంకోసం తయారయిందో మాకు అప్పుడు అర్థం కాసాగింది.

ఇక అసలు బొమ్మ. పెట్టెకు కన్నులేదు, ఆకాశంవంక అది చూడదు. మరి వాన సంగతి దానికెట్లా తెలుస్తుంది? దాని కడుపులో బియ్యపుగింజంత భారమితి ఉన్నది. అది గాలిబరువును కొలుస్తుంది. గాలికి బరువున్నదని మీకు తెలుసు. సముద్రమట్టాన ఒక చదరపు సెంటీమీటరుమీద సుమారు ఒక కిలో బరువున్న గాలి నిలబడి ఉంటుంది. 1643లో ఇటలీ దేశపు టోరిచెల్లీ, గాజుగొట్టంలో పాదరసం పోసి, గాలి బరువు దాన్ని సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తున నిలబెడుతుందని చూపాడు. ఇప్పుడు ఆ బరువును హెక్టోపాస్కల్ అనే కొలతతో లెక్కపెడతారు. సముద్రమట్టాన అది సుమారు 1013.

యూరపు ఖండంలో గాలిబరువు తగ్గుతూపోతే తరచు వానా, గాలీ వస్తాయి. పెరుగుతూపోతే తరచు ఆకాశం తెరిపి ఇస్తుంది. అందుచేత పూర్వం అక్కడ భారమితి పలకలమీద "తుపాను", "వాన", "మార్పు", "నిర్మలం" అని మాటలు చెక్కేవారు. మన పెట్టెలోని బొమ్మలు ఆ మాటలకు మనవలే! "తగ్గితే మబ్బు, పెరిగితే సూర్యుడు" అనే సూత్రం దానికి నేర్పారు. దానికి వచ్చిన పాఠం అంతే.

ఈ పాఠం చాలదని చెప్పినవాడు నూట అరవై ఏళ్ళకిందటే ఉన్నాడు. ఆయన పేరు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. డార్విన్ ప్రయాణంచేసిన బీగిల్ ఓడకు ఆయనే కెప్టెన్. భారమితిమీద చెక్కిన మాటలను అంతగా నమ్మవద్దనీ, పాదరసం ఎక్కుతున్నదా దిగుతున్నదా అన్నది ముఖ్యమనీ ఆయన నావికులకు బోధించాడు. 1859 అక్టోబరులో రాయల్ చార్టర్ అనే ఓడ బ్రిటన్ తీరాన తుపానులో పగిలి, నాలుగువందలకు పైగా జనం మరణించారు. ఒక్క ఊరి భారమితి తుపానును ముందుగా చెప్పలేదనీ, అనేక ఊళ్ళ కొలతలు ఒకేసారి కలిపి చూడాలనీ ఆయన పట్టుబట్టాడు. అప్పటికి టెలిగ్రాఫు వచ్చింది. తీరంలోని ఊళ్ళనుంచి తంతిద్వారా కొలతలు తెప్పించి, 1861 ఆగస్టు 1న లండన్ పత్రికలో వాతావరణ సూచన ప్రకటించాడు. పత్రికలో రోజూ వచ్చే సూచనలకు అది మొదలు.

నాకు ఇక్కడ సిగ్గువేసింది. ఆయన వద్దన్న పనినే నేను చేశాను. ఒక్క ఇంటి భారమితిని నమ్మి ఒక రైతు కూలీలను పంపేయించాను.

సరే, మరి ఆ ఉదయం పెట్టె సూర్యుణ్ణే ఎందుకు చూపింది? దీనికి జవాబు మా నోటుపుస్తకంలోనే దొరికింది. మనవడు మూడు రోజులపాటు, మెలకువగా ఉన్నంతసేపు గంటగంటకూ గాలిబరువు రాశాడు. తెల్లవారుజామున లేచి నేను రాశాను. అంకెలను గ్రాఫు కాగితంమీద పెడితే ఉయ్యాల ఊగినట్టు వచ్చింది! ఉదయం పదిగంటలకు ఎక్కువ. మధ్యాహ్నం నాలుగుగంటలకు తక్కువ. రాత్రి పదింటికి మళ్ళీ ఎక్కువ. తెల్లవారుజాము నాలుగింటికి మళ్ళీ తక్కువ. మూడు రోజులూ అదే వరస.

ఇది వాతావరణానికి వచ్చే ఆటుపోటు. సముద్రపు ఆటుపోట్లకు ముఖ్యకారణం చంద్రుడు. గాలి ఆటుపోట్లకు ముఖ్యకారణం సూర్యుడి వేడి. మనబోటి ఉష్ణదేశాలలో ఉదయం పదింటికీ సాయంత్రం నాలుగింటికీ మధ్య సుమారు 3, 4 హెక్టోపాస్కల్‌ల తేడా ఉంటుంది. జర్మనీలో ఈ ఊగుడు చాలా స్వల్పం. అక్కడ ఆరుగంటలలో 4 హెక్టోపాస్కల్‌లు మారితే అది నిజంగా కబురే. ఇక్కడ అది రోజూ జరిగే తంతు. ఉష్ణమండలంలో తిరిగిన హంబోల్ట్ అనే శాస్త్రజ్ఞుడు ఈ ఊగుడు ఎంత క్రమంగా ఉంటుందంటే, భారమితినిచూసి కాలం చెప్పవచ్చునని భావించాడు.

రైతు నన్ను అడిగింది పదిగంటలకు. తెల్లవారుజామునుంచి గాలిబరువు రోజూలాగే పెరిగింది. పెట్టె "పెరిగింది, కనక సూర్యుడు" అన్నది. అంటే, అది చెప్పింది వాతావరణం కాదు. టైము పదయిందని చెప్పింది!

మరి వాన కురిసేటప్పుడైనా మబ్బు బొమ్మ రావద్దా? ఉరుముల మబ్బు నుంచి వానతోబాటు చల్లటిగాలి కిందికి దభాలున దిగుతుంది. చల్లటిగాలి బరువెక్కువ. అందుచేత ఉరుములవాన కురిసే చోట గాలిబరువు తగ్గడానికి బదులు కాసేపు పెరుగుతుంది. అందుకే గోడమీద సూర్యుడు నవ్వాడు. పాపం, దాని పాఠం ప్రకారం అది సరిగానే జవాబు రాసింది. ప్రశ్నే వేరు.

ఇంకొక సంగతి చూడండి. మన తీరంలో జనవరిలో గాలిబరువు సుమారు 1014 ఉంటుంది. మే నెలలో నేల కాగి, గాలి తేలికై, సుమారు 1004కు దిగుతుంది. గాలిబరువు అంకెను మాత్రమే చూసే పెట్టె అయితే, రోహిణి ఎండలో రోళ్ళు పగులుతూంటే వానబొమ్మ వేసుకు కూర్చుంటుంది! ఎత్తుకూడా చిక్కే. సముద్రమట్టానికి దగ్గరగా ఎనిమిది, తొమ్మిది మీటర్లు పైకి వెళితే గాలిబరువు ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. హైదరాబాదు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ గాలిబరువు సుమారు 950. ఊరి ఎత్తు పెట్టెకు ముందుగా చెప్పకపోతే, హైదరాబాదులో ఎప్పుడూ తుపానే అనుకుంటుంది.

"అయినా తాతయ్యా, అప్పటిదాకా అది రోజూ సరిగానే చెప్పింది గదా?" అని అడిగాడు మనవడు. మంచి ప్రశ్న. పెద్దవాళ్ళుకూడా ఇక్కడే మోసపోతారు. లెక్క వేద్దాం.

మార్చిలో 31 రోజులు. అందులో ఒక్కరోజే వాన కురిసిందనుకోండి. ఒక అట్టముక్కమీద "వాన లేదు" అని రాసి గోడకు తగిలిస్తే 30 రోజులు అది నిజమే చెబుతుంది. నూటికి 96 మార్కులు దాటినవి! కాని ఆ అట్టముక్కకు ఏమీ తెలియదు. వానవచ్చే ఆ ఒక్కరోజును చెప్పగలిగితేనే విద్య.

ఇది నిజంగా జరిగింది. 1884లో అమెరికాలో ఫిన్లీ అనే ఆయన, టోర్నడో అనే భయంకరమైన సుడిగాలి వస్తుందనీ, రాదనీ 2803 సూచనలు చేశాడు. అందులో 2708 సరిపోయినవి. నూటికి 96.6! అందరూ ఆశ్చర్యపడ్డారు. అప్పుడు గిల్బర్ట్ అనే శాస్త్రజ్ఞుడు లెక్క తిరగవేశాడు. నిజంగా టోర్నడో వచ్చింది 51 సార్లే. అన్ని సార్లూ కళ్ళుమూసుకుని "రాదు" అంటే 2752 సరిపోయేవి. నూటికి 98.2! ఫిన్లీ 28 టోర్నడోలను ముందుగా చెప్పాడు, అది గొప్పే. కాని 23 తప్పిపోయినవి. మంచిరోజుల మార్కులన్నీ కలుపుకుని మురిసిపోతే, తప్పిపోయిన ఆ 23 కనిపించవు.

మరి ఉరుములవాన ముందుగా ఎవరికి తెలుస్తుంది? దూరాన మబ్బు లేచినప్పుడే చూసేవాళ్ళకు తెలుస్తుంది. 1864లో కలకత్తానూ, మచిలీపట్నాన్నీ తుపానులు ముంచినవి. తరవాత వానలు లేక కరువులు వచ్చినవి. 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడింది. ఇప్పుడు విశాఖపట్నం, మచిలీపట్నం, హైదరాబాదులలో వానమబ్బులను వెతికే రాడార్లున్నవి. పైన ఇన్సాట్ ఉపగ్రహాలు చూస్తూంటాయి. ఎన్నో ఊళ్ళలో ఒకే సమయానికి కొలతలు తీస్తారు. వీటన్నిటినీ పెద్ద కంప్యూటర్లు కలిపి లెక్కగడతాయి. ఉరుములవాన వచ్చే సూచన ఉంటే, రాబోయే మూడు గంటలకు జిల్లాలవారీగా హెచ్చరిక ఇస్తారు. పిడుగుల సంగతి చెప్పే దామినీ అనే ఫోను సాధనంకూడా ఉన్నది.

1977 నవంబరు 19 నాటికి నేను కాలేజీ కుర్రవాణ్ణి. దివిసీమలో ఉప్పెన వేలమందిని పొట్టనపెట్టుకున్న వార్త విని మా ఊళ్ళో ఆ రాత్రి ఎవరూ పొయ్యి వెలిగించలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం తాకింది. అది అక్టోబరు 8న అండమాన్ దీవులు దాటినప్పటినుంచి దాని జాడ కనిపెడుతూ వచ్చారు. లక్షలమందిని ముందే సురక్షితమైన చోట్లకు చేర్చారు. ఆనాడు అండమాన్‌లో ఉన్న తుపాను విశాఖలోని ఒక ఇంటి గోడకు తగిలించిన పెట్టెకు ఎట్లా తెలుస్తుంది? తెలిసేసరికి తుపాను గుమ్మంలో ఉంటుంది. ఈ రోజుల్లో ఇంటర్నెట్టుతో కలిసే పెట్టెలూ ఉన్నవి. అవి వేరేచోట లెక్కగట్టిన సూచనను తెచ్చి చూపుతాయి. కొనేముందు, బొమ్మ ఎక్కడినుంచి వస్తున్నదో అడగండి.

పెద్ద శాఖ చెప్పినా అన్నీ జరగవు. ఏ వీధిలో ఏ నిమిషాన వాన పడుతుందో ఎవరూ చెప్పలేరు. కాని వాళ్ళ మాటకు ఆధారం ఉన్నది. పెట్టె బొమ్మకు ఆధారం ఒక్క ఇంటి గాలి. ఇంకొక సంగతి చెప్పి సిగ్గుపడనివ్వండి. ఆ మధ్యాహ్నం రెండుగంటలకు మా జిల్లాకు ఉరుములవాన హెచ్చరిక నా ఫోనుకు వచ్చి ఉన్నది. ఫోను బీరువాలో ఉన్నది. నేను గోడమీది సూర్యుణ్ణి చూస్తూ కూర్చున్నాను.

పెట్టెను మేము పారెయ్యలేదు. ఇంట్లో వేడి, తేమ బాగానే చెబుతుంది. భారమితికూడా మంచిదే. మనవడు దాని బొమ్మమీద తెల్లకాగితం అంటించి, "ఇది కొలుస్తుంది, జోస్యం చెప్పదు" అని రాశాడు. కింద నేను ఎర్రసిరాతో సంతకం చేశాను.

మీ ఇంట్లో ఇటువంటి పెట్టె ఉంటే ఈ పని చెయ్యండి. నెలరోజులు ఉదయం పదింటికీ, సాయంత్రం నాలుగింటికీ గాలిబరువు రాయండి. సెలవురోజున గంటగంటకూ రాసి గ్రాఫు గీయండి. పక్కన మూడు గళ్ళు పెట్టండి: పెట్టె బొమ్మ ఏమన్నది, వాతావరణశాఖ ఏమన్నది, నిజంగా ఏమి జరిగింది. నెలాఖరున వానరోజులకు మాత్రమే మార్కులు వెయ్యండి. సాయంత్రం నాలుగింటి అంకె, నిన్న నాలుగింటి అంకెకంటె బాగా తక్కువగా ఉంటే, అది చూడదగిన సంగతి. పదింటి అంకెను నాలుగింటి అంకెతో పోల్చి భయపడవద్దు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు "ఇది దానికి ఎట్లా తెలుసు?" అని అడిగితే విసుక్కోకండి. ఆ ఉదయం ఎవరైనా నన్ను ఆ ప్రశ్న అడిగి ఉంటే, కళ్ళంలో కాయ తడిసేది కాదు. నిజానికి ఆ ముసలమ్మ అడిగినంత పని చేసింది. గాలి స్తంభించిందని, ఉక్కగా ఉందని తాను చూసినది చెప్పింది. నేను వినలేదు.

మొన్న ఆ రైతు మళ్ళీ వచ్చాడు. "మాష్టారూ, రేపు కాయ ఆరబోయవచ్చా?" అని అడిగాడు. అతను మళ్ళీ అడిగినందుకు నా కళ్ళు చెమ్మగిల్లినవి. ఈసారి నేను గోడవంక చూడలేదు. ఫోనులో వాతావరణశాఖ సూచన ఇద్దరం కలిసి చదివాం. తరవాత అరుగుదాకా నడిచి, "అమ్మా, గాలి ఎట్లా ఉంది?" అని అతని తల్లిని అడిగాను.

"ఇప్పటికి బాగానే ఉంది బాబూ. అయినా పట్టా దగ్గర పెట్టుకోండి," అన్నదామె.

పట్టా దగ్గర పెట్టుకున్నాం.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.

మీ మాష్టరు